తైదల అంబలిలో ఈస్టు కలిపితే విటమిన్లు నిజంగా పెరుగుతాయా?

కోటకింది_కోడలు
నాకిప్పుడు ఐదో నెల. పోయిన వారం పరీక్షలో హిమోగ్లోబిన్ 9.2 వచ్చింది. రక్తం పెరగడానికి ఇచ్చిన ఎర్ర మాత్ర వేసుకుంటే కడుపులో తిప్పుతుంది, నోరంతా ఇనుప రుచి. రాత్రి తైదల (రాగుల) పిండి నానబెట్టి తెల్లవారి అంబలి కాయడం మా అత్తమ్మకు ఎప్పటినుంచో అలవాటు. మా మరిది ఎక్కడో చదివి, ఈస్టుతో పులియబెడితే ఫోలేట్ విటమిన్ పెరుగుతుందని, విరేచనాలకు ఇచ్చే ప్రోబయోటిక్ ఈస్టు పొట్లాలు రెండు తెచ్చాడు. ఒక పొట్లం, 250 మిల్లీగ్రాములది, గ్లాసు పిండి నానిన కుండలో కలిపాం. అసలే ఓరుగల్లు ఎండాకాలం. తెల్లవారి చూస్తే నురగ మూతను పైకి లేపి, కుండ అంచుల మీదుగా కారి, గోడ వారన గీతలా ఎండిపోయి ఉంది. వాసన అచ్చం కల్లు వాసన. "ఇది అంబలి కాదు" అని అత్తమ్మ మొత్తం కరివేపాకు చెట్టు మొదట్లో పోశారు.

ఇంతకీ విటమిన్ పెరుగుతుందన్న మాట నిజమేనా? పెరిగినా కాచినప్పుడు పోదా? అంబలి తాగితే మాత్రలు మానేయవచ్చని ఇంట్లో అంటున్నారు. అదే నా అసలు భయం.

గట్క_గిన్నె
మా నాయనమ్మ ఏ పొట్లమూ కలపలేదు. కుండ కడిగినా దాని పులుపు దానికి ఉంటుంది, అదే తోడు. రాత్రి పిండి కలిపితే తెల్లవారేసరికి పులిసేది.

ఈతచెట్టు
కల్లు వాసన వచ్చిందంటే మంచిదే కదా! పోత కల్లులో ఉండేదీ ఈస్టే. కేరళలో అప్పం పిండిని కల్లుతోనే పులియబెట్టేవారు. పొట్లాలకు డబ్బులు ఎందుకు, పొద్దున దింపిన ఈత కల్లు రెండు గరిటెలు పోస్తే సరిపోతుంది.

నర్సమ్మ_ములుగు
ఈతచెట్టు అన్నా, ఆ సలహా కడుపుతో ఉన్న ఆడపిల్లకు ఇవ్వవద్దు. చెట్టు కింద నిలబడి చూసి తెచ్చుకున్న కల్లు వేరు, దుకాణంలో సీసాలో అమ్మేది వేరు. క్లోరల్ హైడ్రేట్, ఆల్ప్రజోలామ్ కలిపిన కల్లు తాగి ఆసుపత్రుల పాలైనవాళ్లను మన తెలంగాణలో ఎంతమందిని చూశాం! మంచి కల్లయినా అందులో ఆల్కహాల్ ఉంటుంది.

కోటకింది_కోడలు చెల్లె, మాత్రలు మానకు. మిగతా విషయం రాత్రి డ్యూటీ అయ్యాక రాస్తాను.

సూక్ష్మజీవి_ఎమ్మెస్సీ
విటమిన్ పెరుగుతుందన్న మాట అబద్ధం కాదు. కాకపోతే ఏ ఈస్టు, ఎంత, ఎప్పుడు అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. కొంచెం వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి.

గట్క_గిన్నె గారు చెప్పిన కుండ పులుపులో ఇప్పటికే రెండు రకాల జీవులు ఉన్నాయి. ఒకటి పులుపును తయారుచేసే లాక్టిక్ బ్యాక్టీరియా, రెండోది ఈస్టు. బ్యాక్టీరియా పుల్లగా మార్చిన చోట ఈస్టు హాయిగా బతుకుతుంది. ఈస్టు తన వంతుగా బ్యాక్టీరియాకు విటమిన్లు, అమైనో ఆమ్లాలు అందిస్తుంది. కణం రెండుగా చీలాలంటే డీఎన్ఏ కావాలి, డీఎన్ఏ తయారవడానికి ఫోలేట్ కావాలి. ఈస్టు దాన్ని ఎవరినీ అడగదు, తానే తయారుచేసుకుని కణంలో దాచుకుంటుంది. మనం అంబలితో పాటు తాగేది ఆ దాపుడునే.

టాంజానియాలో తోగ్వా అని ఒక పులిసిన జావ ఉంది. మొక్కజొన్న, జొన్న, తైదలతో చేస్తారు, మన అంబలికి దగ్గర చుట్టం. అందులోంచి ఈస్టులను వేరుచేసి, ఒక్కొక్కదానితో విడివిడిగా పులియబెట్టి చూశారు. కొన్నింటితో ఫోలేట్ ఎన్నో రెట్లు పెరిగింది, కొన్నింటితో కొద్దిగానే పెరిగింది. బుర్కినా ఫాసోలో సజ్జలతో చేసే బెన్‌సాల్గా అనే జావ మీద కూడా ఇలాంటి పని జరిగింది.

మీ మరిది తెచ్చిన పొట్లంలో ఉండేది సాకరోమైసిస్ బౌలార్డి అయి ఉంటుంది. 1920ల్లో హెన్రీ బౌలార్డ్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఇండోచైనాలో లిచీ, మాంగోస్టీన్ పండ్ల నుంచి దాన్ని వేరుచేశాడు. బేకరీలో వాడే ఈస్టుకు సొంత తోబుట్టువే, కానీ 37 డిగ్రీల దగ్గర, అంటే మన ఒంటి వేడి దగ్గర, బాగా పెరుగుతుంది. మీ వంటింట్లో ఈ నెలలో రాత్రి వేడి ఎంతో ఆలోచించండి. కుండ పొంగడంలో ఆశ్చర్యం లేదు.

కాజీపేట_జంక్షన్
చూశారా, సైన్సు కూడా మన పెద్దలు చెప్పిందే చెబుతోంది. ఇక ఆ మాత్రలు ఎందుకు? సహజంగా వచ్చేదాన్ని మించినది లేదు.

సూక్ష్మజీవి_ఎమ్మెస్సీ
కాజీపేట అన్నా, నేను చెప్పింది సగమే. లెక్క కూడా చూద్దాం.

100 గ్రాముల తైదల్లో ఫోలేట్ దాదాపు 35 మైక్రోగ్రాములు. జొన్నల్లో దాదాపు 39, తెల్ల బియ్యంలో 9. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికల్లోని అంకెలివి. గ్లాసు అంబలికి పిండి మహా అయితే 30 గ్రాములు పడుతుంది. అంటే 10 మైక్రోగ్రాములు. ఈస్టు పుణ్యమా అని అది మూడింతలైనా 30. గర్భిణికి రోజుకు కావలసింది 570. ఇక పొట్లంలోని ఈస్టు సంగతి. బేకరీ ఎండు ఈస్టులో 100 గ్రాములకు 2 వేల మైక్రోగ్రాములకు పైగా ఫోలేట్ ఉంటుంది. వినడానికి చాలా గొప్పగా ఉంది, కానీ పావు గ్రాముకు లెక్క కడితే ఐదారు మైక్రోగ్రాములే.

అంబలి మంచిది. నేను రోజూ తాగుతాను. కానీ మాత్ర చేసే పని అది చేయలేదు.

కాజీపేట_జంక్షన్
అంటే మా అమ్మమ్మలు మాత్రలు లేకుండా పిల్లల్ని కనలేదా?

నర్సమ్మ_ములుగు
కన్నారు. మా అమ్మమ్మ ఏడుగురిని కన్నది, నలుగురు మిగిలారు. ఆమె చెల్లెలు పురిట్లోనే పోయింది. రక్తం లేక పోయిందని అప్పుడు ఎవరికీ తెలియదు, గాలి సోకిందన్నారు. ఆ లెక్క ఎవరూ రాసిపెట్టలేదు కాబట్టి అందరూ బాగానే కన్నారని మనం అనుకుంటున్నాం అన్నా. నేను ఏటా గూడేలు తిరుగుతాను. కనురెప్ప కిందికి లాగి చూస్తే తెల్లగా, సున్నం రాసినట్టు ఉంటుంది కొందరికి. వాళ్లను చూసినవాళ్లు మాత్ర మానమని చెప్పలేరు.

చెల్లె, నీకు ఇచ్చిన ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్, అంటే మాత్ర రూపంలోని ఫోలేట్, ఉంటాయి. 180 రోజులు వేసుకోవాలి. ఈస్టు ఫోలేట్‌ను తయారుచేస్తుందేమో గానీ ఇనుమును తయారుచేయలేదు. ఇనుము లోహం, ఏ జీవీ దాన్ని పుట్టించలేదు. తిప్పుతున్నది ఆ ఇనుము వల్లే. పరగడుపున కాకుండా రాత్రి భోజనం అయ్యాక, పడుకునే ముందు వేసుకుని చూడు. చాయ్‌తో, పాలతో వద్దు, నిమ్మరసం నీళ్లతో మంచిది. మలం నల్లగా వస్తే భయపడకు. అప్పటికీ వాంతులు ఆగకపోతే డాక్టరుకు చెప్పి వేరే రకం రాయించుకో. 9.2 అంటే ఊరుకోవలసిన అంకె కాదు, నెలలోపు మళ్లీ పరీక్ష చేయించుకో.

ఇది చదువుతున్న కొత్త జంటలకు ఒక మాట. బిడ్డ వెన్నుపాము గొట్టం మొదటి 28 రోజుల్లోనే మూసుకుంటుంది. నెల తప్పిందని తెలిసేసరికే ఆ పని అయిపోయి ఉంటుంది. అందుకే ఫోలిక్ యాసిడ్ గర్భానికి ముందు నుంచే మొదలుపెట్టాలి.

కాజీపేట_జంక్షన్
సరే అక్కా. మాత్ర సంగతి మీరు చెప్పినట్టే. నా భార్యకు కూడా చూపిస్తాను ఇది.

బడిపంతులు_జనగామ
ఈ చర్చలో ఒకరి పేరు రాకుండా పోకూడదు.

1930 ప్రాంతంలో లూసీ విల్స్ అనే ఇంగ్లండు వైద్యురాలు బొంబాయిలో పేద గర్భిణుల రక్తహీనత మీద పనిచేసింది. బట్టల మిల్లు కార్మికులు, పాలిపోయి, నిలబడలేని స్థితిలో ఉన్న ఆడవాళ్లు. ఆమె వాళ్లకు ఇచ్చింది ఏమిటో తెలుసా? మార్మైట్. అంటే బీరు తయారీలో మిగిలిన ఈస్టు సారం! వాళ్లు కోలుకున్నారు. 1931లో ఆమె ఆ సంగతి ప్రచురించింది. ఈస్టులో ఏదో ఉందని తెలిసింది గానీ ఏముందో అప్పటికి తెలియదు. దాన్నే చాలాకాలం విల్స్ ఫ్యాక్టర్ అన్నారు.

ఆ "ఏదో" ఫోలిక్ యాసిడ్. దాన్ని 1945లో అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకుడు మన యల్లాప్రగడ సుబ్బారావు. భీమవరంలో పుట్టినవాడు. స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన అన్నదమ్ములను బలితీసుకుంది. ఆ జబ్బుకు మందు కావలసి వచ్చిందీ ఆ విటమినే. 1948లో, తన పేరు లోకానికి సరిగా తెలియకముందే పోయాడు. కోటకింది_కోడలు గారు తినలేక పక్కన పెట్టిన ఆ ఎర్ర మాత్రలో తెలుగువాడి చెమట ఉంది తల్లీ. అంబలీ మనదే, మాత్రా మనదే.

గట్క_గిన్నె
పంతులు గారూ, ఇది నాకు తెలియదు. మా అబ్బాయికి చదివి వినిపించాను.

పరకాల_పత్తిచేను
అసలు ప్రశ్న ఒకటి మిగిలిపోయింది, కాచితే పోతుందా అని. మా ఇంట్లో పద్ధతి వేరు. రాత్రే జొన్న అంబలి కాచి, చల్లారాక పాత కలి, అంటే ముందటి పులిసిన నీళ్లు, ఒక గరిటె కలిపి కుండలో పెడతాం. పొద్దున ఉల్లిగడ్డ, మజ్జిగ కలుపుకుని తాగి చేనుకు పోతాం. మళ్లీ పొయ్యి ఎక్కించం. అంటే పులిసినాక వేడి తగలదు. మరి మా పద్ధతిలో విటమిన్ ఎక్కువ మిగులుతుంది కదా?

సూక్ష్మజీవి_ఎమ్మెస్సీ
పరకాల అన్నా, మీరు అడిగింది చాలా మంచి ప్రశ్న. అవును, ఆ ఒక్క విషయంలో మీ పద్ధతే మేలు. ఫోలేట్‌కు వేడీ పడదు, వెలుతురూ పడదు, నీళ్లలో కరిగి పారబోతలో కూడా పోతుంది. పులిసిన పిండిని కళపెళ మరిగిస్తే ఈస్టు దాచిపెట్టిన దాంట్లో కొంత పోతుంది. మొత్తం పోదు. కాచి, చల్లార్చి, ఆ తర్వాత పులియబెడితే ఆ నష్టం ఉండదు.

కానీ రెండు చిక్కులు ఉన్నాయి. మళ్లీ కాయరు కాబట్టి కుండలో చెడ్డ సూక్ష్మజీవి పడితే దాన్ని చంపేది పులుపు ఒక్కటే. తొందరగా, బాగా పుల్లబడాలి. సగం పులిసినది, వాసన తేడాగా ఉన్నది తాగకూడదు. రెండోది, ఉడకని ఈస్టు బతికే ఉంటుంది. బతికున్న ఈస్టు తన సరుకును అంత సులువుగా వదలదు, పైగా పేగులో ఉన్న బి1 విటమిన్‌ను తానే పీల్చుకుంటుంది. బేకరీ ఈస్టును పచ్చిగా తిన్నవాళ్లలో ఇది 1940ల్లోనే చూశారు. ఉడికిస్తే కణం పగిలి లోపలిది మనకు దక్కుతుంది. వేడి కొంత తీసుకుంటుంది, కొంత ఇస్తుంది.

నర్సమ్మ_ములుగు
గర్భిణి విషయంలో నేను కాచిన పద్ధతికే ఓటు వేస్తాను. పరకాల వాళ్లలా చేనుకు పోయి చెమట పట్టేవాళ్లకు కలి అంబలి బంగారం లాంటిది. కానీ ఆసుపత్రిలో మెడ దగ్గర పెద్ద రక్తనాళంలో సూది గొట్టం ఉన్నవాళ్లకు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లకు బతికున్న ఈస్టు పొట్లం దగ్గరికి కూడా పోనివ్వకూడదు. అది రక్తంలోకి చేరి ప్రాణం మీదికి తెచ్చిన సందర్భాలు ఉన్నాయి.

మందుల_కొట్టు
ఇంకొకటి. ఇది ఈస్టు కాబట్టి బ్యాక్టీరియాను చంపే యాంటీబయాటిక్ వాడుతున్నా బతుకుతుంది. ఫంగస్ మందు వాడుతుంటే చస్తుంది. ఈ తేడా తెలియక రెండూ కలిపి వాడి, పని చేయలేదని నా దగ్గరకు వచ్చి గొడవ పడతారు.

ఈతచెట్టు
మా బస్టాండు దగ్గర అంబలి బండి మీద "బి12 ఉన్న అంబలి" అని బోర్డు పెట్టాడు. అది కూడా ఈస్టు వల్లేనా?

సూక్ష్మజీవి_ఎమ్మెస్సీ
కాదు. బి12ను మొక్క తయారుచేయదు, జంతువు తయారుచేయదు, ఈస్టు కూడా తయారుచేయదు. కొన్ని బ్యాక్టీరియాలు, ఆర్కియా అనే సూక్ష్మజీవులు మాత్రమే చేస్తాయి. డబ్బాల్లో అమ్మే ఈస్టు పొడిలో బి12 ఉందంటే అది విడిగా కలిపినదే. అంబలిలో పోసిన మజ్జిగ వల్ల కాస్త వస్తుంది, బండి అతను దాన్ని లెక్కలో వేసుకున్నాడేమో!

ఈతచెట్టు
రేపు పోయి చెబుతాను. అతను మంచివాడే, ఎవరో రాసిచ్చింది పెట్టి ఉంటాడు.

పరకాల_పత్తిచేను
మా తాత కాలంలో జొన్న గట్క తప్ప మరొకటి దొరకని ఏళ్లలో కొందరికి మెడ చుట్టూ, చేతుల మీద చర్మం నల్లబడి పొలుసులు లేచేవట. ఎండ తగిలిన చోటే. అది కూడా విటమిన్ లోపమేనా?

బడిపంతులు_జనగామ
అది పెల్లాగ్రా అయి ఉండాలి. నియాసిన్ అనే బి3 విటమిన్ లోపం. దక్కన్‌లో జొన్న ఒక్కటే తిని బతికిన పేదల్లో అది కనిపించేది. జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ కావడమే కారణమని హైదరాబాద్ నుంచి గోపాలన్, శ్రీకంఠయ్య అనే పోషకాహార శాస్త్రవేత్తలు 1960లో రాశారు. జొన్నది తప్పు కాదు, పక్కన పప్పూ కూరా లేకపోవడం తప్పు. అమెరికాలో అదే జబ్బుకు గోల్డ్‌బెర్గర్ అనే వైద్యుడు వాడించినది కూడా ఈస్టే. 1927లో మిసిసిపీ వరదలప్పుడు రెడ్‌క్రాస్ వాళ్లు ఎండు ఈస్టును పంచారు.

గట్క_గిన్నె
పిండి మరీ పులిస్తే మా కోడలు వంటసోడా వేస్తుంది. అది పర్వాలేదా?

సూక్ష్మజీవి_ఎమ్మెస్సీ
వేయవద్దని చెప్పండి పెద్దమ్మా. సోడా క్షారం, అది తగిలి కాచితే బి1 నాశనమవుతుంది. రాత్రంతా కష్టపడి పెంచుకున్నది చిటికెడు సోడాతో పోతుంది. పుల్లగా ఉంటే కొంచెం కొత్త పిండి కలిపి కాస్తే చాలు.

మీకు ఇంకొక వింత చెప్పాలి. ఫోలేట్‌ను కొలవడానికి ల్యాబులో ఇప్పటికీ వాడే పద్ధతి ఒకటుంది. ఫోలేట్ లేనిదే పెరగని ఒక లాక్టోబాసిల్లస్‌ను గాజు గొట్టాల్లో వేసి, అంబలి సారం చుక్కలు కలుపుతాం. వెలుతురు తగలకుండా, సి విటమిన్ తోడుగా ఉంచి. ఉదయానికి కొన్ని గొట్టాలు తేటగా ఉంటాయి, కొన్ని కలి నీళ్లలా మబ్బుగా మారతాయి. ఎంత మబ్బు పడితే అంత ఫోలేట్. మొదటిసారి ఆ వరుసను దీపం ముందు పెట్టి చూసిన రోజు నాకు ఇంకా గుర్తుంది. దీని అర్థం ఏమిటంటే, మన కుండలో కూడా అలా ఫోలేట్‌ను తినేసే బ్యాక్టీరియాలు ఉండవచ్చు. ఈస్టు చేస్తుంది, పక్కవాడు తింటాడు. అందుకే ఒక ఇంటి కుండకూ మరో ఇంటి కుండకూ తేడా వస్తుంది. పొట్లం ఈస్టును ఒకసారి వేసి, ఆ తోడునే నెలల తరబడి తిప్పితే కుండలోని పాతకాపులు దాన్ని మెల్లగా పక్కకు నెట్టేస్తాయి.

గట్క_గిన్నె
అయితే మా కుండ పులుపే గెలుస్తుందన్నమాట.

మందుల_కొట్టు
మరి పొట్లం కలపడం దండగేనా? సూటిగా చెప్పు తమ్ముడూ.

సూక్ష్మజీవి_ఎమ్మెస్సీ
దండగ అనను. ధాన్యంలో ఇనుమును, జింకును పట్టి ఉంచే ఫైటిక్ యాసిడ్ అని ఒకటి ఉంటుంది. మొలకెత్తించినా, పులియబెట్టినా అది విరుగుతుంది. కొన్ని ఈస్టులు ఆ పనిలో చాలా చురుకైనవి. అంటే తైదల్లో ఉన్న ఇనుమే ఒంటికి మరికొంత పడుతుంది. నాకు ఇదే ఫోలేట్ కన్నా పెద్ద లాభం అనిపిస్తుంది. కానీ దానికి తైదలు మొలకెత్తించి, ఎండబెట్టి, పట్టించి, రోజూ పులియబెడితే పొట్లం లేకపోయినా చాలావరకు పని జరుగుతుంది. ఈస్టు ప్రయోగం చేయాలనుకుంటే కుండను సగానికే నింపి, పొట్లంలో పావు వంతు మాత్రమే వేయండి. మూత బిగించవద్దు, పలుచని గుడ్డ కట్టండి. ఈ ఎండల్లో ఆరేడు గంటలు చాలు, రాత్రంతా అక్కర్లేదు.

నర్సమ్మ_ములుగు
ఫోలేట్ కావాలంటే శనగ గుడాలు (గుగ్గిళ్లు) తినండి. 100 గ్రాముల శనగల్లో 230 మైక్రోగ్రాములకు పైగా ఉంటుంది. దానికి కుండా పొట్లమూ ఏమీ అక్కర్లేదు. తోటకూర, పాలకూర సరేసరి.

కోటకింది_కోడలు
పది రోజులకు వచ్చాను, ఆలస్యమైంది. అందరూ ఇంత శ్రద్ధగా రాసినందుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మాత్రను రాత్రికి మార్చాను, నిమ్మరసంతో. మొదటి రెండు రోజులు తిప్పింది, ఇప్పుడు బాగా తగ్గింది. పంతులు గారు రాసింది అత్తమ్మకు చదివి వినిపించాను. "మనవాడు చేసిన మందా" అని రెండుసార్లు అడిగారు. పొట్లంలో పావు వంతు వేసి, గుడ్డ కట్టి, తెల్లవారుజామున కలిపిన పిండిని పది గంటలకు కాచారు. ఈసారి పొంగలేదు. పులుపు కమ్మగా ఉంది, కల్లు వాసన లేదు. ఇప్పుడు రాత్రి పూట కూడా ఒక గ్లాసు అంబలి, దాని పక్కనే మాత్ర, ఆమే తెచ్చి పెడుతున్నారు.

నర్సమ్మ_ములుగు
చాలా సంతోషం చెల్లె. కానీ ఆ రెండూ పక్కపక్కన వద్దు! తైదల్లో కాల్షియం 100 గ్రాములకు 350 మిల్లీగ్రాములకు అటూఇటూగా ఉంటుంది. అది, మిగిలిన ఫైటిక్ యాసిడ్ కలిసి మాత్రలోని ఇనుమును పట్టేస్తాయి. అంబలి పగలు తాగు, మాత్ర రాత్రి వేసుకో. మధ్యలో కనీసం రెండు గంటలు ఉండాలి.

కోటకింది_కోడలు
ఇప్పుడే చెప్పాను అక్కా. రాత్రి గ్లాసు తీసేశారు. ఆ చోట గిన్నెడు శనగ గుడాలు పెట్టి, "ఇవి సాయంత్రం తిను" అన్నారు. 19న మళ్లీ రక్తపరీక్ష, ఫలితం ఇక్కడే రాస్తాను.